సురభి కమలాబాయి: నాటకశాల నుండి తొలి తెలుగు వాక్చిత్రమునకు

పూర్తిగా తెలుగులో తయారైన తొలి వాక్చిత్రము భక్తప్రహ్లాద. ఆ చిత్రమున నాయికగా నటించి, పాడి, తెలుగు చలనచిత్ర చరిత్రలో ప్రథమ స్థానము పొందిన నటీమణి సురభి కమలాబాయి. ఆమె పేరు చెప్పినంతనే పలువురకు సినిమాయే స్ఫురించును. కాని ఆ చిత్రము కొరకు ఆమె బొంబాయి చేరునాటికి ఆమెకు దాదాపు ఇరువదినాలుగేండ్లు. ఆ ఇరువదినాలుగేండ్లును ఆమె నాటకశాలలోనే గడపెను. సినిమా ఆమెకు కీర్తి తెచ్చెను. నటనము నేర్పినది మాత్రము నాటకరంగము. స్త్రీ రంగస్థలము నెక్కుటయే తప్పుగా భావింపబడిన కాలమున, తమ ఆడుబిడ్డలను ధైర్యముగా ప్రేక్షకుల యెదుట నిలిపిన ఒక కుటుంబ సమూహము ఆమెను పెంచినది. ఆ సమూహపు కథ తెలిసిననే గాని కమలాబాయి జీవితము బోధపడదు.

కడప జిల్లాలో సురభి యను చిన్న గ్రామము కలదు. మహారాష్ట్ర ప్రాంతమునుండి ఏనాడో తరలివచ్చిన కొన్ని కుటుంబములు ఆంధ్రదేశమున తోలుబొమ్మలాటను కులవృత్తిగా స్వీకరించి ఊరూర తిరుగుచుండెను. ఇంటిలో మరాఠీ మాటలాడుకొన్నను, ఆటలో వారి పలుకు తెలుగే. పలుచగా శుద్ధిచేసిన తోలుపై రంగులు దిద్ది, తెల్లని గుడ్డ కట్టి, వెనుక దీపము వెలిగించి, రామాయణ భారత కథలను తెల్లవారులు ఆడించుట వారి జీవనోపాధి. ఈ ఆటలో ఇంటిల్లిపాదికిని పాలుండెను. పురుషులు బొమ్మల నాడించుచు రాముని మాట, రావణుని మాట పలుకుచుండగా, సీతమాట, ద్రౌపదిమాట ఆ యింటి స్త్రీలే పలికెడివారు. పద్యము పాడుటయు, హార్మోనియముతో శ్రుతి కలుపుటయు వారికి నిత్యకృత్యము. అయితే ప్రేక్షకులకు కనబడునది బొమ్మయే గాని స్త్రీ కాదు. ఆమె కంఠము ఊరంతయు వినును. ఆమె ముఖము మాత్రము గుడ్డ వెనుకనే యుండును.

1885వ సంవత్సరమున ఆ గుడ్డ తొలగినది. సురభి గ్రామములో ఒక వివాహ సందర్భమున బొమ్మలతో గాక మనుష్యులే వేషములు ధరించి కథ నాడవలెనని పెద్దలు కోరగా, వనారస గోవిందరావు ప్రభృతులు కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. గ్రామస్థులు మెచ్చుకొనిరి. పొరుగూళ్లనుండి పిలుపులు వచ్చెను. క్రమముగా ఆ కుటుంబములు బొమ్మలను విడిచి నాటకములనే జీవనముగా చేసికొనినవి. కొడుకులు, అల్లుండ్రు వేరుపడి తమతమ నాటక సమాజములను స్థాపించుకొనగా, ఒక వృక్షమునకు పెక్కు శాఖలైనట్లు సురభి సమాజములు తెలుగునాట నలుగడల వ్యాపించెను. ఎక్కడ నున్నను వారందరు తమ పేరునకు ముందు ఆ గ్రామనామమునే చేర్చుకొనిరి. అందుచేతనే కమలాబాయి సురభి కమలాబాయి అయినది.

అప్పటికి ఆధునికాంధ్ర నాటకరంగము శైశవదశలో నుండెను. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ శిష్యులచే నాటక ప్రదర్శనము చేయించిరి. ధార్వాడ నాటక సంఘమువారి ప్రదర్శనములు చూచి మనవారికి నాటకములపై ఆసక్తి పెరిగెను. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు నాటకములు వ్రాసి, తామే నటించి ప్రఖ్యాతులైరి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడెను. ఇన్ని నాటకములలో స్త్రీపాత్రలు లేకపోలేదు. కాని ఆ పాత్రలను ధరించినవారు పురుషులే. మీసములు రాని బాలురును, మృదువైన కంఠము గల యువకులును చీరకట్టి, సవరము పెట్టి నాయికలైరి. ఇరువదవ శతాబ్దిలో స్థానం నరసింహారావుగారు ఈ విద్యను పరాకాష్ఠకు చేర్చి, 1956లో పద్మశ్రీ బిరుదము నందుకొనిరి.

దీనికి కారణము లేకపోలేదు. ఆ రోజులలో పదిమంది యెదుట ఆడుట, పాడుట అనినంతనే దేవదాసీల వృత్తి జ్ఞప్తికి వచ్చుచుండెను. సంస్కర్తలు భోగము మేళములను వ్యతిరేకించి ఉద్యమము సాగించుచుండిరి. ఆ ఉద్యమము సదుద్దేశముతోనే ప్రారంభమైనను, కళ నెఱిగిన స్త్రీకి గౌరవముతో నిలుచుటకు చోటు మరింత తగ్గెను. కులస్త్రీ రంగమెక్కినచో కుటుంబమునకు అపఖ్యాతి యని పెద్దలనిరి. మేళములలోని స్త్రీ రంగమెక్కినచో నాటకమునకు అపఖ్యాతి యని నాటక సమాజములవారు జంకిరి. ఈ రెండింటి నడుమ తెలుగు నటి అనుమాటకే తావు లేకపోయెను.

సురభివారు ఈ చిక్కును తమకు తెలిసిన రీతిగా విడదీసిరి. వారి సమాజము పరులు కూడిన సంఘము కాదు, ఒక కుటుంబము. హరిశ్చంద్రుడు తండ్రి యైనచో చంద్రమతి తల్లి, లోహితాస్యుడు వారి బిడ్డ. తెర లాగువాడు మేనమామ, హార్మోనియము వాయించువాడు పెదనాయన. భర్త యెదుట, అత్తమామల యెదుట, వారితోకూడ నటించు స్త్రీని వేలెత్తి చూపుటకు లోకమునకు అవకాశము తక్కువ. తరతరములుగా గుడ్డ వెనుకనుండి సీతమాట పలికిన స్త్రీలు, ఇప్పుడు గుడ్డ ముందునకు వచ్చి సీతగా నిలిచిరి. వారికి విద్య కొత్తది కాదు. కొత్తది ప్రేక్షకుల చూపు మాత్రమే. ఆ చూపునకు వెరవక నిలిచిన తొలితరము స్త్రీలలో పెక్కుమంది పేర్లు కూడ నేడు జనులకు తెలియవు. ఆ పేరులేని తల్లుల ధైర్యము కమలాబాయికి ఉగ్గుపాలతో సంక్రమించినది.

సరిగా ఆ కాలముననే ఐరోపాఖండములో నటీమణుల స్థితి యెట్లుండెనో తెలిసికొన్నచో మన నాటకరంగపు పరిస్థితి మరింత స్పష్టపడును. జర్మనీలో హెడ్విగ్ నీమన్ రాబే యను సుప్రసిద్ధ నటి యుండెను. నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెన్ 1879లో వ్రాసిన బొమ్మరిల్లు నాటకమున నోరా యను ఇల్లాలు కడపట భర్తను, బిడ్డలను విడిచి వెడలిపోవును. ఏ తల్లియు అట్లు చేయదనియు, ఆ ముగింపుతో తాను నటింపననియు ఆ జర్మను నటి పట్టుపట్టెను. ఇతరులెవరైనను మార్చి వ్రాయుదురను భయముచే ఇబ్సెన్ తనకు ఇష్టము లేకున్నను 1880లో వేరొక ముగింపు వ్రాసి యిచ్చెను. ఆ మార్పు మంచిదా చెడ్డదా యనుట వేరు ప్రశ్న. ఒక నటి మాటకు మహారచయిత కలము వంగినదనుట గమనింపదగినది. అక్కడ నాటకము ఎట్లు ముగియవలెనో నటి నిర్ణయించుచుండగా, ఇక్కడ స్త్రీ నాటకములో ఉండవచ్చునా కూడదా యను సంగతియే తేలలేదు. అట్టి వేళ సురభి గ్రామమున స్త్రీలు వేషము కట్టుట ఎంతటి సాహసమో ఊహింపవచ్చును.

ఇట్టి కుటుంబమున కమలాబాయి 1907వ సంవత్సరమున జన్మించెను. ఆమె జననమును గూర్చి ఒక కథ పరంపరగా చెప్పబడుచున్నది. నిండుచూలాలైన ఆమె తల్లి వేషము ధరించి రంగముమీద నటించుచుండగానే నొప్పులు వచ్చెననియు, బిడ్డ అక్కడనే భూమిమీద పడెననియు, ప్రేక్షకులు మొదట అదియు నాటకములోని ఘట్టమే యనుకొని, పిదప నిజము తెలిసి సంతోషముతో కానుకలు సమర్పించిరనియు ఆ కథ. నెలలు నిండిన స్త్రీ కూడ ఆటకు రాక తప్పని బ్రతుకు వారిది. ఆట ఆగినచో ఆ పూట సమాజమునకంతకు అన్నము లేదు. కాబట్టి ఈ కథలో వింత ఎంత కలదో, కష్టము కూడ అంతే కలదు.

సురభి బిడ్డలకు బడి వేరుగా లేదు. పొత్తిళ్లలోని శిశువు ఉయ్యాలలోని కృష్ణుడగును. నడక వచ్చినంతనే లవుడో కుశుడో యగును. తల్లి యొడిలో పరుండియే పద్యములు వినును. తెరచాటునుండి నిత్యము చూచుటచే ఏ పాత్ర ఎప్పుడు ప్రవేశించునో, ఏ మాటకు ఎవరు బదులు చెప్పుదురో కంఠస్థమగును. ఒకరికి జబ్బు చేసినచో వేరొకరు వెంటనే ఆ వేషము కట్టవలసినదే. కమలాబాయియు ఇట్లే నేర్చెను. బాల్యమున ప్రహ్లాదుడు, కృష్ణుడు మున్నగు వేషములు ధరించి, పెరిగిన పిదప నాయిక పాత్రలకు వచ్చెను. మగవారు ఆడువేషము కట్టుట తెలుగుదేశమంతట వాడుకగా నుండగా, సురభిలో ఆడపిల్ల మగవేషము కట్టుటయు కలదు. పాత్రకు తగినది కంఠము, అభినయము గాని పుట్టుక కాదని వారి యభిప్రాయము.

సమాజముల సంచారము ఎంతటి శ్రమతో కూడినదో నేటివారికి చెప్పిన గాని తెలియదు. రంగులు వేసిన తెరలు, కిరీటములు, గదలు, వంటపాత్రలు, పసిబిడ్డలు అన్నియు బండ్లపై నెక్కించుకొని ఒక ఊరినుండి వేరొక ఊరికి పోవలెను. అక్కడ గుంజలు పాతి, పాక వేసి, రంగము కట్టవలెను. పగలు వంట, బట్టలు, బిడ్డల పోషణ; రాత్రి రాణివేషము. నారదుడు ఆకాశమునుండి దిగుట, బాణములు ఎదురెదురుగా వచ్చి నిప్పులు గ్రక్కుచు ఢీకొనుట, మాయాబజారులో క్షణములో దృశ్యము మారిపోవుట మొదలైన వింతలు సురభివారికి పెట్టినది పేరు. అవి తాళ్లతోడను, చెక్కలతోడను, కుటుంబమందలి మనుష్యుల చేతులతోడను జరిగెడి పనులు. త్రాడు లాగుటలో క్షణము తప్పినచో నటుని ప్రాణమునకే ముప్పు. ఇట్టి క్రమశిక్షణలో పెరిగినవారికి తరువాత ఎట్టి రంగమైనను కొరుకుడు పడకపోవుట యుండదు.

ఈలోగా లోకమున వేరొక మార్పు వచ్చెను. 1931 మార్చి 14వ తేదీన బొంబాయిలో ఆలం ఆరా యను హిందీ చిత్రము విడుదలై, అంతవరకు మూగగా నుండిన సినిమాకు మాటలు వచ్చెను. దానిని నిర్మించిన అర్దేషిర్ ఇరానీ దక్షిణదేశ భాషలలోను చిత్రములు తీయ సంకల్పించెను. తెలుగు చిత్రమును తీయుభారము హెచ్.ఎం. రెడ్డిగారిపై పడెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారి భక్తప్రహ్లాద నాటకము ఆధారముగా గైకొనబడెను. నటుల కొరకు వెదకగా సురభివారు కనబడిరి.

సినిమావారు సురభిని వెదకుటలో ఆశ్చర్యము లేదు. ఆనాటి వాక్చిత్రములలో పాట వేరుగా ముద్రించి పిదప పెదవులు కదపు పద్ధతి ఇంకను రాలేదు. నటి అభినయించుచునే పాడవలెను. వాద్యములవారు కెమెరాకు కనబడకుండ ప్రక్కన కూర్చుండి వాయించుచుండగా, ఎక్కడనో మరుగుపరచిన మైక్రోఫోనునకు మాట స్పష్టముగా వినబడవలెను. ఒక్క మాట తప్పినను మరల మొదటినుండి తీయవలెను, ముడిఫిల్ము వ్యర్థమగును. పద్యము కంఠస్థము, శ్రుతి నిర్దుష్టము, ఉచ్చారణ స్ఫుటము కావలెను. మరియొక సంగతి కూడ కలదు. నాటకశాలలో దూరమునుండి చూచువారికి పురుషుని స్త్రీవేషము నప్పవచ్చును గాని, ముఖమును దగ్గరకు తెచ్చి చూపు కెమెరా ముందు అది నిలుచుట కష్టము. తెలుగులో పాడగలిగి, మాటలాడగలిగి, కొత్తవారి యెదుట నిర్భయముగా అభినయింపగల స్త్రీలు నాటకరంగమున ఎందరు? ఆ ప్రశ్నకు సురభివారు నలుబదియేండ్ల క్రిందటనే సమాధానమును సిద్ధము చేసియుంచిరి.

కమలాబాయి ఆ చిత్రమున ప్రహ్లాదుని తల్లియైన లీలావతి పాత్రను ధరించెను. హిరణ్యకశిపునిగా మునిపల్లె సుబ్బయ్యగారును, ప్రహ్లాదునిగా సింధూరి కృష్ణారావు అను బాలుడును నటించిరి. పిదప సుప్రసిద్ధ నిర్మాతయైన ఎల్.వి. ప్రసాద్ గారు ఇందులో చిన్న వేషము వేసిరి. పాటల రచనలో ఖమ్మము ప్రాంతపు కవియైన చందాల కేశవదాసుగారు పాలుపంచుకొనిరి. ఆయన పాటను కమలాబాయి పాడెను. కడప సీమలో మొలకెత్తిన నటన, తెలంగాణపు కవి రచించిన పాట, బొంబాయి యంత్రశాల ఒక్కటై తెలుగు సినిమాకు శ్రీకారము చుట్టినవి. చిత్రీకరణము ఇరువది దినములకు మించలేదందురు. నాటకమును పలుమారు ఆడి పండినవారు కాకున్నచో అంత త్వరగా ముగించుట సాధ్యమయ్యెడిది కాదు.

భక్తప్రహ్లాద 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయ్యెనని చిరకాలము వ్రాయుచు వచ్చిరి. తరువాతి పరిశోధకులు సెన్సారు దాఖలాలను, ఆనాటి పత్రికలను పరిశీలించి, 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలోని కృష్ణా సినిమాలో మొదట ప్రదర్శింపబడినదని నిర్ధారించిరి. శోచనీయమైన విషయమేమనగా, ఆ చిత్రపు ప్రతి నేడు ఎక్కడను లభించుట లేదు. తెలుగువారి తొలి వాక్చిత్రమును, అందలి తొలి నాయిక గానమును మనము కాపాడుకొనలేకపోతిమి.

భక్తప్రహ్లాద పిదప కమలాబాయికి అవకాశములు వెంటవెంటనే వచ్చెను. బొంబాయి సాగర్ సంస్థవారు నిర్మించిన పాదుకా పట్టాభిషేకము, శకుంతల చిత్రములలో ఆమె నటించెను. శకుంతలలో దుష్యంతుని పాత్ర ధరించినవారు ప్రసిద్ధ రంగస్థల నటులు యడవల్లి సూర్యనారాయణగారు. తెలుగునాట ఇంకను చిత్రశాలలు లేని ఆ రోజులలో తెలుగు చిత్రములకును బొంబాయి, కలకత్తాలే గతి. సాగర్ సంస్థవారి యాహ్వానముపై ఆమె సుమారు పది సంవత్సరములు బొంబాయిలో నివసించి, హిందీ చిత్రములలోను నటించెనని చరిత్రకారులు వ్రాసిరి. బండ్లమీద ఊరూర తిరిగిన కుటుంబపు ఆడుబిడ్డ మహానగరమున, పరభాషలో, తన విద్యను నమ్ముకొని నిలువగలిగెను. సురభిలో ఆమె వెనుక కుటుంబమంతయు నుండెను. బొంబాయిలో ఆమె వెనుక నున్నది ఆ కుటుంబము నేర్పిన విద్య.

కాలక్రమమున తెలుగు సినిమా మద్రాసు చేరెను. క్రొత్త నాయికలు వచ్చిరి. పాట ఒకరు పాడగా అభినయము వేరొకరు చేయు పద్ధతి స్థిరపడెను. గాయనియే నటి కావలెనను నియమము పోవుటతో తొలితరమువారి ప్రాభవము తగ్గెను. కమలాబాయి దానికి చింతించి యింట కూర్చుండలేదు. వయస్సునకు తగిన పాత్రలను స్వీకరించెను. 1951లో విజయావారు కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున నిర్మించిన పాతాళభైరవిలో కథానాయకుడైన తోటరాముని తల్లిగా ఆమె నటించెను. ఎన్.టి. రామారావుగారికి అపారమైన కీర్తి తెచ్చిన ఆ చిత్రమును చూడని తెలుగువారు అరుదు. కొడుకుపై ప్రాణము పెట్టుకొన్న ఆ పేదతల్లిని చూచి కంటతడి పెట్టినవారిలో ఆమెయే తెలుగు వాక్చిత్రములకు తొలి నాయిక యని ఎరిగినవారు ఎందరో చెప్పుట కష్టము. మొదటి చిత్రమున ప్రహ్లాదుని తల్లి. జనుల జ్ఞప్తియందు నిలిచిన చిత్రమున తోటరాముని తల్లి. మొదటిది నశించినను రెండవది మిగిలి, ఆమె ముఖమును, కంఠమును మనకు నేటికిని చూపుచున్నది.

1971వ సంవత్సరమున కమలాబాయి పరమపదించెను. స్త్రీ నటించుట గౌరవహానియని భావించు లోకమున ఆమె నటనయే జీవనముగా పెట్టుకొని అరువదినాలుగేండ్ల జీవితమును గడపెను. ఆమె తరము కనులారగనే మార్పు కూడ వచ్చెను. బళ్లారి రాఘవాచార్యులుగారి ప్రోత్సాహముతో విద్యావతులైన కుటుంబస్త్రీలు కొందరు రంగమెక్కిరి. పిదప స్త్రీపాత్రలు స్త్రీలే ధరించుట సామాన్యమయ్యెను. ఆ మార్పును సంస్కర్తలును, విద్యావంతులును వాదములతో సాధించిరనుట కొంతవరకే నిజము. వాదములు ప్రారంభము కాకమునుపే, చదువులేని సంచార కుటుంబపు స్త్రీలు రాత్రిరాత్రి రంగమునకు వచ్చి నటించి, జనుల కనులకు అలవాటు చేసిరి. చూడగా చూడగా జనులకు అది వింత కాకపోయెను.

సురభి సమాజములు కాలపు ఒడుదుడుకులకు తట్టుకొని నేటికిని మిగిలియున్నవి. వారిలో పెక్కు కుటుంబములు హైదరాబాదు నగరపు పడమటి దిక్కున శేరిలింగంపల్లిలో స్థిరపడెను. వారి కృషికి గుర్తింపుగా సురభి నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ పురస్కారము లభించెను. నగరమునకు ఆగ్నేయముననున్న కంచన్‌బాగ్ వాసులకు ఆ నటులు దూరపువారు కారు. ఒకే నగరమునకు ఆవలి అంచుననున్న పొరుగువారే.

గ్రామ గ్రంథాలయములకును నాటకమునకును చిరకాల బాంధవ్యము కలదు. నాటకములాడి వచ్చిన ధనముతో పుస్తకములు కొన్న గ్రామములు మనదేశమున పెక్కు. గ్రంథాలయములో నాటకము గ్రంథమై బీరువాలో నుండును. దానికి ప్రాణము పోసినవారి పేరు మాత్రము ఆ గ్రంథమున నుండదు. రచయిత పేరు అట్టమీద ముద్రింపబడును గాని లీలావతిగా కన్నీరు పెట్టిన స్త్రీ పేరు ఎక్కడను అచ్చుకాదు. ఆట ముగిసి దీపములు ఆర్పగానే నటుని కృషి గాలిలో కలియును. చిత్రపు ప్రతియే నశించినప్పుడు మిగులునది చెప్పుకొన్న మాటయు, వ్రాసికొన్న అక్షరమును మాత్రమే. కమలాబాయి పేరును, ఆమెకు ముందు పేరులేకుండ రంగమెక్కిన సురభి తల్లుల కథను చదువరులు తమ బిడ్డలకు చెప్పినచో, ఆ ఋణము కొంతయైనను తీరును.